గాలి తగలని స్నానం

గీజరు ఆరిపోయిన ప్రతిసారీ మామా నా మొహం చూసేది. గీజరును కాదు, నా మొహాన్ని. ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఏది చెడిపోయినా ముందు నన్నే చూస్తారు. వాషింగ్ మెషీన్ తిరగకపోతే నేను, కారు తలుపు గీసుకుపోతే నేను, వైఫై రాకపోతే నేను. వైఫైని నేనేం చేసుకుంటాను? మూటగట్టి ఊరికి పంపానా?

నా పేరు మునిలక్ష్మి. మాది రాయచోటి పక్కన ఒక పల్లె. మామా అంటే కువైట్‌లో నేను పనిచేసే ఇంటి యజమానురాలు, వాళ్ల ఇల్లు ముబారక్ అల్ కబీర్‌లో. చలికాలం వచ్చిందంటే మామా తల్లి ఆ ఇంట్లో ఉండనంటుంది. ఆమెకు ఎనభై రెండేళ్లు, నేను పెద్ద మామా అంటాను. ఊరికి దూరంగా ఎడారిలో, కబ్ద్‌లో, ఆమె పేరు మీద ఒక తోట ఉంది. యాభై గొర్రెలు, నాలుగు ఒంటెలు, రెండు గదుల ఇల్లు, ఇంటి పక్కన ఒక గుడారం. డిసెంబరు మొదలు ఫిబ్రవరి చివరిదాకా ఆమె మకాం అక్కడే, ఆమెతో పాటు నాదీ. మామా గురువారం వచ్చి శనివారం వెళ్లిపోతుంది. కువైట్ అంటే ఎండలేనని అనుకునేవాళ్లు జనవరిలో ఒకసారి కబ్ద్ వచ్చి చూడాలి. పొద్దున్నే బకెట్లో చెయ్యి పెడితే వేళ్లు కొరికినట్టుంటుంది.

ఆ తోటకు వచ్చే కరెంటు నీళ్ల మోటారుకూ దీపాలకూ బొటాబొటిగా సరిపోతుంది. నీళ్లు కాగబెట్టేంత సత్తా దానికి లేదు. అందుకని స్నానాల గదిలో గ్యాస్ గీజరు బిగించారు. గోడకు ఒక తెల్లడబ్బా, గోడ అవతల సిలిండరు. కొళాయి తిప్పగానే టిక్కుటిక్కుమని లోపల నీలం మంట అంటుకుంటుంది. అప్పటిదాకా రెండు చలికాలాలు ఏ పేచీ లేకుండా పనిచేసింది.

స్నానం చేయించడంలో నాకు కొంచెం పొగరు ఉంది, దాచుకోను. మా జేజి మా పల్లెలో బాలింతలందరికీ నీళ్లు పోసేది, నేను ఆమె చేతికింద నేర్చుకున్నాను. బాలింతకైనా ముసలివాళ్లకైనా తల మీద నీళ్లు పడ్డాక గాలి సోకకూడదు. తలుపు కింద సందుకు గుడ్డ, కిటికీకి దుప్పటి, ఎక్కడ కన్నం కనబడితే అక్కడ ఒక పీలిక. మా జేజి పోసిన నీళ్లకు బాలింతలు చెమటలు పట్టి, కూర్చున్నచోటే కునికిపాట్లు పడేవాళ్లు. పెద్ద మామాకు డిసెంబరు చివర్లో దగ్గు పట్టుకున్నప్పుడు నేనూ అలాగే చేశాను. అప్పటి నుంచి ఆమె స్నానం కాగానే మంచం మీద పడి మధ్యాహ్నందాకా లేచేది కాదు. నాకూ తల బరువుగా ఉండేది. చలికనుకున్నాను. ఆమె నిద్ర మాత్రం నా చేతి గొప్పతనమే అనుకుని మురిసిపోయాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే గీజరు ఆరిపోవడం మొదలైంది. వెలిగేది, పది నిమిషాలు చక్కగా మండేది, ఆ తర్వాత మంట పసుపురంగుకు తిరిగి, ఒకసారి లేచి, టప్పున పోయేది. అదీ పెద్ద మామా తలకు సబ్బు పట్టించే వేళకే. దానికేదో కక్ష ఉన్నట్టు. నురుగు తలతో ఆవిడ కూర్చుని నన్నూ, గీజరునూ, గీజరు కనిపెట్టినవాడి తాతనూ తిట్టేది.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బ్యాటరీలు మార్చాను. సిలిండరు చలికి గడ్డకట్టిందేమోనని నిండుది దొర్లించుకొచ్చి తగిలించాను. నీళ్లు వచ్చేచోట జల్లెడ ఉంటే విప్పి, పాత టూత్‌బ్రష్‌తో సబ్బు పెట్టి తోమాను. రబ్బరు పైపంతా సబ్బునురుగు పూసి ఎక్కడైనా బుడగలొస్తాయేమో చూశాను. ఒక్క బుడగ రాలేదు. అన్నీ బాగున్నాయి, గీజరు మాత్రం పది నిమిషాలకు పోతుంది.

మామాకు ఫోన్ చేస్తే, గురువారం వచ్చేటప్పుడు మిర్కాబ్‌లోని ఒక మరమ్మతుల ఆఫీసు నుంచి మెకానిక్‌ను వెంటబెట్టుకొచ్చింది. దిగినవాడిని చూస్తే మన రాయచోటి మనిషి. పేరు షావలి, ముప్పై ఏళ్లుంటాయి, నడుముకు పనిముట్ల పట్టీ. నేను తెలుగులో పలకరించేసరికి ఆ మొహంలో చలి వదిలింది.

“ఏమైందక్కా దీనికి?”

“పది నిమిషాలు మండి ఆరిపోతాంది నాయనా. బ్యాటరీలు మార్చినా, సిలిండరు మార్చినా, జల్లెడ కడిగినా. ఇంగ నాకు తెలిసిన విద్య అయిపోయింది.”

“నువ్వే సగం మెకానిక్కు అయినావే,” అని నవ్వి, గుమ్మానికి అడ్డంగా పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. మూత విప్పాడు, దుమ్ము ఊదాడు, కొళాయి తిప్పాడు. మంట నీలంగా, బుద్ధిగా నిలబడింది. పది నిమిషాలు, ఇరవై, ఇరవై ఐదు. బావిలో నీళ్లు అయిపోతాయేమో గానీ ఆ మంట పోయేటట్టు లేదు. షావలి వాచీ చూసుకుని లేచాడు.

“బాగానే ఉండాది కదక్కా. కొళాయి నిదానంగా తిప్పు, అంతే.”

అతను వెళ్లాక మామా నా మొహం చూసింది. శుక్రవారం పొద్దున స్నానం పెట్టుకున్నాం. పదో నిమిషానికి ఆరింది. నురుగు తల, తిట్లు, అన్నీ మామూలే. అయితే ఈసారి మామా మూసిన తలుపు అవతలే నిలబడి ఉంది.

“మెకానిక్ ఉంటే మండుతుంది, నువ్వుంటే ఆరిపోతుంది,” అంది. మేమిద్దరం మాట్లాడుకునేది అరబీలోనే. “నువ్వే ఏదో చేస్తున్నావు. పొద్దున్నే చలిలో స్నానం చేయించడం నీకు బద్ధకం. సెలవు సంగతి బాదేన్.”

బాదేన్ అంటే తర్వాత చూద్దామని. ఇళ్లల్లో పనిచేసే మాకు ఆ మాటకు అర్థం ఎప్పటికీ కాదనే. నా సెలవు ఫిబ్రవరి ఐదున. నా కూతురు రెడ్డిరాణికి డాక్టరమ్మ పదో తేదీ కాన్పు చెప్పింది. అది పుట్టిన ఏడాదే మొగుడు పోయాడు, నాకున్నది అదొక్కతే. మూడేళ్లుగా దాన్ని ఫోన్లో తప్ప చూడలేదు. దాని పెళ్లి కూడా ఫోన్లోనే చూశాను, మధ్యలో రెండుసార్లు బొమ్మ ఆగిపోయింది. ఊరివాళ్ల బాలింతలకు మా జేజి పోసింది, ఊరుగానిఊరి ముసలామెకు నేను పోస్తున్నాను. నా కూతురికి నీళ్లు పోయడానికి మాత్రం బాదేన్ అంటే ఒప్పుకుంటానా?

“బాదేన్ కాదు మామా, ఫిబ్రవరి ఐదు,” అన్నాను.

“గీజరు బాగైతే చూద్దాం. నీ వల్ల చెడిందని తేలితే సెలవు ఖలాస్.”

శనివారం పొద్దున షావలి మళ్లీ వచ్చాడు. ఈసారి నవ్వు లేదు. వాళ్ల ముదీర్, అంటే ఆఫీసు మేనేజరు, ఫోన్లో తిడుతూనే ఉన్నాడు. ఒకే ఇంటికి రెండుసార్లు పంపితే పెట్రోలు ఎవరు పోస్తారని ఆయన బాధ. షావలి ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మూత విప్పాడు, లోపలి నుంచి రెండు సన్నని వైర్లు లాగాడు, చివర్లు గీకాడు, రెండింటినీ మెలేసి నల్లటేపు చుట్టాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

“సెన్సరు పోయినట్టుండాది. కొత్తది తెప్పించాలంటే వారం. దాన్ని పీకేసి డైరెక్టు చేసేసినా. ఇంగ నువ్వు పొమ్మన్నా పోదు అక్కా ఈ మంట.”

“పీకేసినావు సరే, దాన్ని ఏమిటికి పెట్టినారు మొదట్లో?”

“గదిలో గాలి చాలకపోతే గ్యాస్ సరింగా మండదు. విషం గాలి పుడతాది. వాసన రాదు, కంటికి కనపడదు, మనిషికి నిద్ర వచ్చినట్టు ఉంటాది, అంతే. అట్ల కాకముందే మంట ఆర్పేస్తాది సెన్సరు.” మూత బిగిస్తూ తల ఎత్తకుండానే స్క్రూడ్రైవరుతో పైకి చూపించాడు. “ఈడ ఆ బాధ లేదులే. పైన అంత కన్నం ఉండాది కదా.”

నేను పైకి చూశాను. కప్పుకు జానెడు కింద, గోడలో, రొట్టెపళ్లెం అంత గుండ్రటి కన్నం. అందులో నా పాత ఊదారంగు స్వెట్టరు. డిసెంబరులో స్టూలు వేసుకుని నేనే కుక్కాను, వేళ్లు నొప్పి పుట్టేదాకా, వెలుతురు కూడా రాకుండా.

మొన్న షావలి తలుపు తీసి గుమ్మంలో కూర్చున్నాడు, అందుకే అతని ముందు మంట ఆరలేదు. మధ్యాహ్నందాకా లేవని ఆ నిద్ర నా చేతి గొప్పతనం కాదు. నేను తిట్టిన తిట్లన్నీ తిన్న ఆ డబ్బానే మూడు వారాలుగా మమ్మల్నిద్దరినీ పది నిమిషాలకొకసారి బతికిస్తూ వచ్చింది. ఇప్పుడు దాని నోరు కట్టేశారు.

“ఖలాస్?” అంది మామా వసారాలోంచి. “ఖలాస్ మామా,” అన్నాడు షావలి. అవతల గదిలో పెద్ద మామా దుప్పటి కప్పుకుని స్నానానికి సిద్ధంగా కూర్చుని ఉంది.

నేను పెరట్లోకి నడిచి సిలిండరు కట్టేశాను. రెగ్యులేటరు ఊడబెరికి చేతిలో పట్టుకున్నాను. తర్వాత మా అక్క సిద్ధమ్మకు ఫోన్ చేశాను. రెడ్డిరాణి కాన్పుకు వచ్చింది అక్క ఇంటికే. వాళ్లింట్లోనూ ఇలాంటి డబ్బానే, బాలింత నీళ్లకని నేనే కొనిపించాను. కిటికీ సందులన్నీ మూసి పెట్టమని పోయిన ఆదివారం ఫోన్లో చెప్పింది కూడా నేనే.

“సిద్ధక్కా, ఆ నీళ్లగదిలో కిటికీకి కొట్టిన అట్టముక్క పెరికేయ్. ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటా.”

“చలిగాలి కొడతాది గదే, నువ్వే చెప్తివి.”

“నేనే చెప్పినా. తప్పు చెప్పినా. పెరికేయక్కా.”

అట్ట చిరిగిన చప్పుడు విన్నాకే ఫోన్ పెట్టాను. నా కూతుర్ని నేనే, అంత ప్రేమగా, అంత జాగ్రత్తగా చంపుకోబోయాను.

గుట్టుచప్పుడు కాకుండా స్వెట్టరు లాగేసి ఊరుకోవచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. నాకూ అనిపించింది. ఎవరికీ తెలియదు, సెలవుకు ఢోకా ఉండదు. కానీ ఫిబ్రవరి ఐదున నేను వెళ్లాక నా చోట ఇంకొక మనిషి వస్తుంది. ఆమె ఏ ఊరిదైనా, ముసలామెకు చలి అని ఏదో గుడ్డ తెచ్చి ఆ కన్నంలో పెడుతుంది. అప్పుడు ఆర్పడానికి సెన్సరు ఉండదు. ఆ వైర్లు విప్పి మళ్లీ సెన్సరుకు కట్టించాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్తే నేను కుక్కిన గుడ్డ సంగతి చెప్పాలి. వేరే దారి లేదు.

లోపలికి వెళ్లి స్టూలు ఎక్కి స్వెట్టరు లాగాను. దుమ్ముతో పాటు చలిగాలి ఒక్కసారిగా మొహాన కొట్టింది. దిగి మామా ముందు నిలబడ్డాను.

“గీజరు చెడిపోలేదు. గాలి కన్నాన్ని నేను మూసేశాను. అందుకే ఆరిపోయింది. అతను ఆర్పే వైరు తీసేశాడు. అది మళ్లీ పెట్టేదాకా నేను గ్యాస్ ఇవ్వను.” చేతిలో రెగ్యులేటరు చూపించాను.

మామాకు రెండు మాటలే వినబడ్డాయి. “నువ్వు మూశావా? నేను చెప్పలేదా నీ పనేనని?”

“చెప్పావు. నీ మాట నిజమే. ఇప్పుడు నా మాట విను.”

షావలి అడ్డం వచ్చాడు. “అక్కా, కన్నం తీసేసినావు గదా, ఇంగ ఏమి? నేను మూడోసారి రావాల్సి వస్తే మా ముదీరు నా ఇఖామా చించి చేతిలో పెడతాడు, ఇంగ ఈ దేశంలో ఉండనీరు.”

“మీ ముదీరును ఈడికి రమ్మను. ఈ గదిలో తలుపేసుకొని, కన్నం మూసుకొని, గంటసేపు నీళ్లు పోసుకోమను. బయటికి నడిచి వస్తే అప్పుడు నేను మాట్లాడతా. నీకు తెలుసు షావలీ ఇది తప్పని. తెలిసే చేసినావు. నాకు తెలీక చేసినా.”

మామా చెయ్యి చాపింది. “రెగ్యులేటర్ ఇటివ్వు.”

“ఇవ్వను.”

“తప్పు చేసి ఎదురు మాట్లాడుతున్నావా?”

“తప్పు చేశాను కాబట్టే మాట్లాడుతున్నాను. చేయకపోతే నాకేం తెలిసేది?”

ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. అవతల గదిలోంచి పెద్ద మామా కర్ర టకటకలాడించింది. “అక్కడ ఏం గొడవ? నేనిక్కడ కోడిలాగా కూర్చుని ఎదురుచూస్తుంటే?”

నేను ఆవిడ దగ్గరికి వెళ్లి కింద కూర్చున్నాను. సెన్సరు, వైర్లు అంటే ఆవిడకు ఎక్కదు. అందుకని దువ్వ సంగతి ఎత్తాను. దువ్వ అంటే వాళ్ల బొగ్గుల కుంపటి. చలికాలం సాయంత్రాలు గుడారంలో దాని చుట్టూ కూర్చుని చాయ్ కాచుకుంటారు. ఎంత చలిగా ఉన్నా సరే, పెద్ద మామా దువ్వ వెలిగించే ముందు గుడారం తెర కింద తన కర్ర దూర్చి కాస్త ఎత్తి పెట్టందే నిప్పు అంటించనివ్వదు.

“పెద్ద మామా, స్నానాల గదిలో దువ్వ ఉన్నట్టే. గుడారం తెర నేను కుట్టేశాను. తెలియక కుట్టేశాను.”

ఆవిడ నన్ను చూసింది, తర్వాత గుమ్మంలో నిలబడ్డ కూతురిని చూసింది. “దువ్వ పెడితే తెర ఎంత ఎత్తాలి?” అని అడిగింది.

యాభై దాటిన మామా బడిపిల్లలాగా చెప్పింది. “జానెడు.”

“ఎందుకు?”

“ఊపిరి కోసం.”

“నా పెద్దన్న, అతని పెళ్లాం, ఒకే తెల్లవారుజామున పోయారు. మొహాలు గులాబీల్లాగా ఉన్నాయి, నిద్రపోతున్నారనుకున్నాం. నీకు ఎన్నిసార్లు చెప్పాను?” ముసలామె గొంతు పెద్దగా లేదు. “ఆ మనిషిని వైరు మళ్లీ పెట్టమను. ఈ ఇల్లు నాది.”

షావలి టేపు విప్పి వైర్లు యథాస్థానంలో బిగించాడు. నేను రెగ్యులేటరు తగిలించాను. కొళాయి తిప్పి, అతని ముందరే తలుపు మూసి, పదిహేను నిమిషాలు అందరం బయట నిలబడ్డాం. తలుపు తీస్తే మంట నీలంగా ఉంది. కన్నం తెరిచి ఉంటే దానికి ఏ జబ్బూ లేదు. షావలి ముదీర్‌కు ఫోన్ చేసి గాలి కన్నం మూసుకుపోయిందని, పని అయిపోయిందని చెప్పాడు. పోతూ పోతూ నా వైపు చూసి, “ఇంగ ఎవరికీ డైరెక్టు చేయనులే అక్కా,” అన్నాడు. చేస్తాడో చేయడో అతని దేవుడికి తెలియాలి.

అప్పుడు మామా నా దగ్గరికి వచ్చింది. “తప్పు నీదే కదా. నీకు సెలవు ఎలా ఇస్తాను?”

“తప్పూ నాదే, సెలవూ నాదే. రెండూ నాకు కావాలి.”

“నువ్వు పోతే ఈమెకు స్నానం ఎవరు చేయిస్తారు?”

అదీ సంగతి. గీజరు కాదు, కన్నం కాదు. కొత్త మనిషి వస్తే ముసలామె ఒంటి మీద చెయ్యి వేయనివ్వదు, కరిచినంత పని చేస్తుంది. కూతురికేమో తల్లి ఒంటి మీద చెయ్యి వేయాలంటే భయం. ఆ భయాన్ని నా మీద నేరం చేసి నిలబెట్టింది ఇన్నాళ్లూ. నాకు సగం కోపం పోయింది, సగం అలాగే ఉంది.

“చేతులు పైకి మడుచుకో మామా,” అన్నాను.

“ఏమిటి?”

“ఈ రోజు నేను చేయించను. నువ్వు చేయించు. నేను పక్కన నిలబడి చెప్తాను.”

కాదంటుందనుకున్నాను. తల్లి వైపు చూసింది. తల్లి అప్పటికే కర్ర పక్కన పడేసి చెయ్యి చాపి ఉంది. మామా ఉంగరాలు తీసి కిటికీలో పెట్టింది.

మొదటి చెంబు నేరుగా ముక్కు మీద పోసింది. ముసలామె ఉక్కిరిబిక్కిరై తిట్టింది. “వెనక నుంచి పోయి, అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టు,” అన్నాను. పెట్టింది. కన్నంలోంచి చలిగాలి వస్తూనే ఉంది, ఆవిరి దాన్ని తోసేస్తూనే ఉంది. తలకు సబ్బు పట్టింది, మంట నిలబడే ఉంది. వీపు తోముతూ మామా చెయ్యి ఆగిపోయింది. నడుము దగ్గర రూపాయి బిళ్లంత మచ్చలు రెండు, కాల్చిన మచ్చలు. నాకు ఎనిమిదేళ్లుగా తెలుసు.

“ఇవేమిటి యుమ్మా?”

“నువ్వు పుట్టాక నడుము పట్టేసి లేవలేకపోయాను. ఇనుము కాల్చి పెట్టారు. మా అమ్మ పక్కన లేదు, ఎడారిలో ఎక్కడో ఉంది. ఆమె వచ్చేసరికి నువ్వు బోర్లాపడుతున్నావు.”

మామా ఆ మచ్చల మీద వేళ్లతో మెల్లగా సబ్బు రాసింది, కడిగింది, మళ్లీ రాసింది. నీళ్లు పోయడం అయ్యాక తల్లిని పెద్ద తువ్వాలులో చుట్టి, గాలికి తన వీపు అడ్డం పెట్టి నిలబడింది. అది నేను చెప్పలేదు. తల్లి జుట్టు తుడుస్తూ, నా వైపు చూడకుండానే అంది:

“ఐదో తేదీ పో. నలభై రోజులు ఉండి రా.”

“నలభై ఐదు మామా,” అన్నాను.